క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ ఎందుకు జరుగుతాయి?

మా విజయనగరం వైపు పిల్లలకి పళ్ళ క్లిప్పులు పెట్టించే వయసు దాదాపు ఖరారైపోయింది. ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో పెట్టిస్తారు, పదో తరగతి పరీక్షలు అయ్యేసరికి తీయించేస్తారు. ఆ జూన్‌లో పిల్ల ఇంటర్‌కి విశాఖపట్నమో విజయవాడో వెళ్ళి హాస్టల్లో చేరుతుంది. బట్టల పెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో క్లిప్పులు తీశాక పళ్ళని కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ కూడా వెళ్తాయి. సంక్రాంతి సెలవులకి ఇంటికొస్తే తల్లి ముందు చూసేది పిల్ల చిక్కిందా అని. ఆ తర్వాత నవ్వినప్పుడు కింది పళ్ళ మీద కన్ను పడుతుంది. ఒక పన్ను కాస్త తిరిగినట్టుంటుంది. "ఏటే ఇది, అంత డబ్బు పోసి పెట్టించినా మళ్ళీ ఇలాగైపోనాయేటి?" అంటుంది. ఇంక అక్కణ్ణించి తప్పు ఎవరిదని వెతుకులాట. డాక్టరు సరిగ్గా చెయ్యలేదని ఒకరు, తొందరపడి తీసేశారని ఒకరు, జ్ఞానదంతం వచ్చి తోసేసిందని ఇంకొకరు.

చాలామంది పిల్లల విషయంలో ఈ మూడూ అసలు కారణం కావు. క్లిప్పులు పళ్ళని జరపగలవు. జరిపిన చోట నిలబెట్టడం మాత్రం వాటి పని కాదు. దానికి వేరే సాధనం కావాలి, చాలా ఎక్కువ కాలం కావాలి. వైద్యంలో ఈ రెండో సగం గురించి మొదటిరోజే గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ, చెప్పినా చెవిన పెట్టేవాళ్ళు ఇంకా తక్కువ. ఇన్ని ఇళ్ళలో ఇంత బాధ అందువల్లే అని నేను నమ్ముతున్నాను.

ముందు పన్ను ఎలా నిలబడుతుందో చూద్దాం. పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకీ దవడ ఎముకకీ మధ్య చుట్టూ సన్నని సందు ఉంటుంది, సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఆ సందు నిండా సన్నటి పోగులు. ఒక కొస వేరులోకి, ఇంకో కొస ఎముకలోకి దిగి, మంచం కోళ్ళ మధ్య నులక బిగించినట్టు, పన్నుని పట్టి ఉంచుతాయి. అన్నంలో రాయి పంటికింద పడ్డప్పుడు ఆ దెబ్బ ఎముకకి నేరుగా తగలకుండా కాచేది ఈ పోగులే.

క్లిప్పుల వైరు పన్నుని ఒక వైపుకి తోస్తుంది. ఆ వైపు పోగులు నలుగుతాయి, అక్కడి ఎముకని శరీరమే కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది. వెనక వైపు పోగులు సాగుతాయి, అక్కడ కొత్త ఎముక పేరుకుంటుంది. అంటే పన్ను ఎముకని చీల్చుకుంటూ పోవడం లేదు, ముందు ఎముక తగ్గుతూ వెనక ఎముక పెరుగుతూ పన్ను కూర్చున్న ఎముక గుంటే మొత్తంగా పక్కకి జరుగుతోంది. నెలకి ఒక మిల్లీమీటరు జరిగితే మంచి వేగం కిందే లెక్క. ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టేది అందుకే. "పెళ్ళి కుదిరింది, ఆరు నెలల్లో అయిపోవాలి" అని డాక్టర్ని తొందరపెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బలం పెంచితే పని త్వరగా అవ్వదు, వేర్లకి హాని జరిగే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

క్లిప్పులు తీసిన రోజు ఫొటోలో పళ్ళు వరసగా, ముచ్చటగా ఉంటాయి. లోపల మాత్రం పని ఇంకా పూర్తికాలేదు. కొత్త ఎముక లేతగా ఉంటుంది, పోగులు చెదిరి ఉంటాయి. ఆ రోజు వేలితో పన్నుని మెల్లగా నొక్కితే కాస్త కదలడం తెలుస్తుంది కూడా. క్లిప్పులు తీసేశాక వేరు చుట్టూ ఉన్న పోగులు మళ్ళీ ఒక క్రమంలోకి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చిగుళ్ళలోని గట్టి పోగులకి నాలుగు నుంచి ఆరు నెలలు. ఎముక అంచుకి పైన, చిగురులో పన్ను మెడ చుట్టూ సాగే గుణమున్న పోగులు ఇంకొన్ని ఉంటాయి. ఇవే అన్నిటికంటే మొండివి. ఏడాది దాటినా పన్నుని పాత చోటికి లాగుతూనే ఉండగలవు.

నార్వేకి చెందిన దంతవైద్య శాస్త్రవేత్త కోరే రైటన్ కుక్కల పళ్ళని తిప్పి, తిప్పిన స్థితిలోనే పట్టి ఉంచి, ఆ కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరిశీలించి 1959లో ఫలితాలు ప్రచురించాడు. 232 రోజులు కదలకుండా ఉంచాక కూడా చిగురు పోగులు సాగిన స్థితిలోనే కనిపించాయి. ముందుకో వెనక్కో జరిపిన పన్ను కంటే, మెలితిరిగి ఉంటే సరిచేసిన పన్నే మళ్ళీ తిరిగిపోవడానికి ఎక్కువ అవకాశం ఉండేది ఇందుకే. బాగా తిరిగిన పన్నుకి కొందరు డాక్టర్లు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పన్ను చుట్టూ ఆ పోగుల్ని సన్నని కత్తితో కోస్తారు. 1970లో అమెరికాలో జాన్ ఎడ్వర్డ్స్ వివరించిన పద్ధతి ఇది. చిన్న పనే, చిగురు కొద్దిరోజుల్లో మానుతుంది. పోగులు మళ్ళీ అతుక్కునేటప్పుడు కొత్త చోటునే తమ చోటుగా చేసుకుంటాయి. మీ పిల్లకి పన్ను బాగా తిరిగి ఉంటే, క్లిప్పులు తీసే ముందే దీని గురించి అడగండి.

ఇంతవరకూ చెప్పింది మొదటి ఏడాది సంగతి. పదేళ్ళ తర్వాత, ఇరవయ్యేళ్ళ తర్వాత జరిగేది వేరే కథ. ఈ రెండిటినీ కలిపేసి చూడటం వల్లే చాలా గందరగోళం.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు ఒక మంచి పని చేశారు. కొన్ని పళ్ళు తీసి క్లిప్పులు వేసి సరిచేసినవాళ్ళని, రిటైనర్లు ఆపేశాక కూడా వదలకుండా, ఏళ్ళ తరబడి పిలిచి కొలతలు తీసుకున్నారు. 1988లో వాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం, రిటైనర్ మానేసిన ఇరవయ్యేళ్ళకి కింది ముందు పళ్ళ వరస ఫరవాలేదు అనిపించేలా ఉన్నది నూటికి సుమారు పదిమందికే. ఇది చదివి క్లిప్పులే దండగ అనుకోవద్దు. ఆ లెక్క కింది ముందు పళ్ళది మాత్రమే, అదీ రిటైనర్ మానేసినవాళ్ళది. మానకూడదనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైంది అదే బృందం 1983లో ప్రచురించిన ఇంకో పరిశీలన. అసలు క్లిప్పులే పెట్టించుకోని, మొదటినుంచీ పలువరస చక్కగా ఉన్నవాళ్ళని చిన్నప్పటినుంచి యౌవనం వరకూ గమనించారు. వాళ్ళకీ కింది కోరపళ్ళ మధ్య దూరం తగ్గింది, దవడ వంపు పొట్టిదైంది, ముందు పళ్ళు కొంచెం ఒత్తుకున్నాయి. అంటే వైద్యం జరిగినా జరగకపోయినా పళ్ళు జీవితమంతా కదులుతూనే ఉంటాయి. నమ్మకం కుదరకపోతే మీ పెళ్ళి ఆల్బమ్ తీసి, అప్పటి నవ్వునీ ఇప్పుడు అద్దంలో కింది పళ్ళనీ పోల్చి చూసుకోండి. నలభై దాటిన చాలామందికి తేడా కనిపిస్తుంది. జుట్టు నెరవడాన్ని ఎవరూ ఆశ్చర్యంగా చూడరు. పళ్ళు ఒత్తుకోవడమూ వయసుతో వచ్చే మార్పే. క్లిప్పులు పెట్టించుకున్నవాళ్ళకి ఆ మార్పు కొట్టొచ్చినట్టు కనిపించేది, వాళ్ళు డబ్బూ ఓపికా ఖర్చుపెట్టి ఉన్నారు కాబట్టి.

ఇక జ్ఞానదంతం. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా ఎవర్ని అడిగినా, "వెనక పన్ను మొలిచి ముందు పళ్ళని తోసేసిందండీ" అంటారు. అలా అనిపించడానికి కారణం ఉంది. జ్ఞానదంతాలు వచ్చేదీ, కింది ముందు పళ్ళు ఒత్తుకోవడం కంటబడేదీ దాదాపు ఒకే వయసులో, పదిహేడు నుంచి ఇరవై రెండు మధ్య. రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణం అనుకోవడం సహజం. కానీ పుట్టుకతోనే జ్ఞానదంతాలు లేనివాళ్ళకీ పళ్ళు ఒత్తుకుంటున్నాయి, ముందే తీయించేసుకున్నవాళ్ళకీ ఒత్తుకుంటున్నాయి. బ్రిటన్‌లో కొందరికి తీసి, కొందరికి ఉంచి, ఏళ్ళ తర్వాత పోల్చిచూసిన అధ్యయనం 1998లో వచ్చింది. ముందు పళ్ళు ఒత్తుకోకుండా ఉండటం కోసమని జ్ఞానదంతాలు తీయడం సమంజసం కాదని అది తేల్చింది. జ్ఞానదంతం తీయించాల్సిన కారణాలు వేరే ఉన్నాయి: మాటిమాటికీ వాపు, చీము, పక్క పన్ను పుచ్చిపోవడం, తిత్తి ఏర్పడటం. అవి ఉంటే తప్పక తీయించుకోండి. పలువరస కోసమని మాత్రం వద్దు.

మరి పళ్ళని కదిపేది ఏమిటి? ఒక వైపు నాలుక, ఇంకో వైపు పెదాలు, బుగ్గలు. వీటి ఒత్తిడి చాలా తక్కువ, కానీ విడవకుండా ఉంటుంది. పన్ను విషయంలో బలం కంటే కాలమే ముఖ్యం. నమిలేటప్పుడు పళ్ళ మీద కిలోల కొద్దీ బలం పడుతుంది, అయితే అది సెకనులో ఒక భాగం మాత్రమే, పన్ను జరగదు. పైడితల్లమ్మ పండక్కి సన్నాయి ఊదే మనిషి దాన్ని పెదాల మధ్య ఎంత బిగించినా, సాధన రోజుకి రెండు మూడు గంటలే కాబట్టి పళ్ళ వరస పెద్దగా మారదు. అదే నాలుక పగలూ రాత్రీ ముందు పళ్ళ మధ్యలోనే ఆనుకుని ఉంటే, ఆ మెత్తని ఒత్తిడికే పళ్ళు ముందుకి తోసుకొస్తాయి. పన్ను కదలాలంటే బలం రోజుకి సుమారు ఆరు గంటలైనా పనిచెయ్యాలని ఆర్థోడాంటిస్టులు, అంటే పలువరస సరిచేసే డాక్టర్లు, లెక్క చెబుతారు.

రిటైనర్ పనిచేసేదీ ఈ లెక్క మీదే. రాత్రి ఎనిమిది గంటలు పెట్టుకుంటే, పగలు పోగులు చేసిన కొద్దిపాటి లాగుడుని సరిచేయడానికి ఆ సమయం చాలు. రాత్రిపూట మాత్రమే పెట్టుకున్నవాళ్ళకీ రోజంతా పెట్టుకున్నవాళ్ళకీ పెద్ద తేడా లేదని కొన్ని పరిశోధనల్లో తేలింది కూడా. అయినా మొదటి కొన్ని నెలలు ఎంతసేపు పెట్టుకోవాలన్నది మీ డాక్టరు మీ పళ్ళని చూసి చెప్పాల్సిన మాట. మెలితిరిగిన పళ్ళు, పై ముందు పళ్ళ మధ్య సందు మూసిన నోరు, నాలుక అలవాటు ఉన్న నోరు ఇవన్నీ ఎక్కువ కాపలా కోరతాయి. ఏడో ఏటా ఎనిమిదో ఏటా కూడా బొటనవేలు చీకే పిల్లలకి ఆ అలవాటు మాన్పించకుండా క్లిప్పులు వేస్తే, తీసిన మర్నాటినుంచే పాత కథ మొదలవుతుంది.

రిటైనర్లలో మనకి దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. అంగిలికి గులాబీ రంగు ప్లాస్టిక్, ముందు పళ్ళ మీదుగా ఒక తీగ ఉండేది పాతకాలంది. చార్లెస్ హాలీ అనే అమెరికన్ దాని గురించి 1919లో రాశాడు, విజయనగరంలో సంగీత కళాశాల మొదలైన సంవత్సరమే. వందేళ్ళు దాటినా అది ఇంకా వాడుకలో ఉందంటే ఎంత గట్టిదో తెలుస్తోంది. రెండోది పళ్ళకి తొడుగులా ఉండే పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్. 1990ల్లో బాగా వాడుకలోకి వచ్చింది, పెట్టుకున్నా కనిపించదు, పిల్లలు దీన్నే ఇష్టపడతారు. అయితే పగులుతుంది, అరుగుతుంది, కొన్నాళ్ళకి మార్చాలి. మూడోది పళ్ళ వెనక శాశ్వతంగా అతికించే సన్నని తీగ. వీటిలో ఏది మేలు? వైద్య పరిశోధనల్ని కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2023లో 47 అధ్యయనాలు వడపోసి, ఫలానా రకమే మేలని చెప్పేంత గట్టి ఆధారం లేదని చెప్పింది. కాబట్టి మీ పిల్ల దేన్ని నిజంగా వాడుతుందో అదే మంచిది. హాస్టల్‌కి వెళ్ళే పిల్లకైతే కింది పళ్ళ వెనక తీగ అతికించి, పై పళ్ళకి రాత్రి తొడుగు ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. తెల్లవారుజామున లేచి స్టడీ అవర్‌కి పరుగెత్తే పిల్లని అన్నీ గుర్తుపెట్టుకోమనడం అన్యాయం.

అయితే అతికించిన తీగని పూర్తిగా నమ్మి మర్చిపోతే ప్రమాదం. మా అక్క కూతురి విషయంలో శ్రీకాకుళంలో ఒక క్లినిక్‌లో డాక్టరు చిన్న అద్దం పెట్టి మాకు చూపించారు. ఆరు పళ్ళ వెనకా తీగ చక్కగానే ఉంది. అయిదింటి మీద తెల్లటి సిమెంటు చుక్క గట్టిగా పట్టుకునే ఉంది. ఆరోదాని మీద, ఎడమ కోరపన్ను దగ్గర, చుక్క ఊడి తీగకీ పన్నుకీ మధ్య వెంట్రుకంత ఎడం. బయటికి ఏమీ తెలియదు, నొప్పి లేదు. ఆ కోరపన్ను మాత్రం అప్పటికే కొంచెం బయటికి తిరిగింది. తీగకీ పళ్ళకీ మధ్యలో గార కూడా పేరుకుంది, పసుపుగా, గోరుతో గీకినా రానంత గట్టిగా. కింది ముందు పళ్ళ వెనకే లాలాజలం వచ్చే రంధ్రాలు తెరుచుకుంటాయి కాబట్టి గార అక్కడే ముందు పడుతుంది. తీగ ఉన్నవాళ్ళు దానికింద దూరే సన్నని బ్రష్‌తో రోజూ శుభ్రం చేసుకోవాలి, ఆరు నెలలకోసారి క్లీనింగ్ చేయించుకోవాలి. రోజూ రాత్రి నాలుక కొసతో ఒక్కో పన్నునీ తడిమి చూసుకునే అలవాటు చేసుకుంటే, చుక్క ఊడితే గరుకుగా తగిలి ఆ రోజే తెలిసిపోతుంది.

తీగని ఎక్కువగా ఊడగొట్టేది మన తిండే. ముందు పళ్ళతో చెరకు ముక్క చీల్చడం, కాల్చిన తేగ పీచుని కొరికి లాగడం, పచ్చి జామకాయ కొరకడం. మానేయమనడం లేదు. చెరకు ముక్కలు కోసుకుని వెనక పళ్ళతో నమలండి, జామకాయ చాకుతో కోసుకోండి.

తీసి పెట్టుకునే రిటైనర్‌కి పెద్ద శత్రువులు వేడి, పెళ్ళి భోజనాలు. పారదర్శకమైన తొడుగుని వేడినీళ్ళలో కడిగినా, మే నెలలో బండి డిక్కీలో వదిలేసినా వంకరపోతుంది, మళ్ళీ పళ్ళకి పట్టదు. నోట్లో ఉండగా వేడి టీ తాగకూడదు. చన్నీళ్ళతో, మెత్తని బ్రష్‌తో కడిగితే చాలు, టూత్‌పేస్టు రుద్దితే గీతలు పడి మసకబారుతుంది. పెళ్ళి పంక్తిలో కూర్చుని దాన్ని తీసి పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి విస్తరి పక్కన పెట్టడం, భోజనమయ్యాక విస్తరితో పాటే అది వెళ్ళిపోవడం ఎన్ని ఇళ్ళలో వింటున్నామో. నోట్లోంచి తీస్తే డబ్బాలోకే వెళ్ళాలి, ఇంకెక్కడికీ వెళ్ళకూడదు.

పన్ను జరిగిందని తెలిస్తే ఏం చెయ్యాలి? కొన్నిరోజులు మానేసి పాత రిటైనర్ పెట్టుకుంటే బిగుతుగా ఉండి, అయినా పళ్ళకి పూర్తిగా పట్టిందంటే అదృష్టం. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పి, కొన్నాళ్ళు రాత్రీ పగలూ పెట్టుకోవాలి. పట్టకపోతే బలవంతంగా నొక్కొద్దు. వెళ్ళి చూపించుకోండి, ఆలస్యం చెయ్యొద్దు, ఎందుకంటే ఇవాళ ఉన్న చోటే నిలపడానికి కొత్త రిటైనర్ చేయించుకోవడం చవక. మళ్ళీ సరిచేయాలంటే అంతకంటే ఖర్చు. కొంచెమే జరిగితే కొన్ని నెలల అలైనర్లతో (పళ్ళని జరిపే పారదర్శకమైన తొడుగులతో), అవసరమైతే పళ్ళ మధ్య మిల్లీమీటరులో పదో వంతుల్లో అరగదీసి సరిచేస్తారు. నొప్పిగా ఉందని మెడికల్ షాపులో పెయిన్‌కిల్లర్లు కొని అదేపనిగా మింగొద్దు. ఉద్దానం వైపు కిడ్నీ సమస్య ఉన్న ఇళ్ళలోవాళ్ళు ఒక్క మాత్రయినా డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

ఒక్క పని మాత్రం ఎవరూ చెయ్యకూడదు. ముందు పళ్ళ మధ్య సందు మూయడానికి పళ్ళ చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకోవడం. పన్ను వేరువైపు సన్నబడుతుంది కాబట్టి బ్యాండు జారి చిగురు లోపలికి దూరిపోతుంది. బయటికి కనపడదు, ఊడిపోయిందనుకుంటారు. లోపల అది ఎముకని తినేస్తూ వేరు కొస దాకా ఎక్కుతుంది. అలా ఆరోగ్యంగా ఉన్న రెండు ముందు పళ్ళూ ఊడిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

క్లిప్పులు పెట్టించే ముందే డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. చెప్పిన ఫీజులో రిటైనర్లు ఉన్నాయా, ఎన్ని జతలు ఇస్తారు, పోతే మళ్ళీ ఎంతవుతుంది, తీశాక ఎన్నాళ్ళకోసారి రావాలి. చివరి రోజు తీసిన పళ్ళ అచ్చు గానీ స్కాన్ ఫైల్ గానీ మాకివ్వండి అని అడిగి తీసుకోండి. రేపు పిల్లకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక రిటైనర్ పోతే, పళ్ళు ఇంకా జరగకముందే అక్కడి డాక్టరు దాన్నిబట్టి కొత్తది చేసి ఇవ్వగలుగుతారు. ఎన్నాళ్ళు వాడాలని అడిగితే ఇప్పుడు చాలామంది ఆర్థోడాంటిస్టులు చెప్పే జవాబు ఒకటే: పళ్ళు వరసగా ఉండాలని కోరుకున్నన్నాళ్ళూ, రాత్రిపూట.

నలభై దాటినవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ఎప్పుడో క్లిప్పులు పెట్టించుకున్నారు, లేదా ఎప్పుడూ పెట్టించుకోలేదు, ఉన్నట్టుండి పై ముందు పళ్ళు విచ్చుకుని సందులు వస్తున్నాయి. ఇది పైన చెప్పిన కదలిక కాకపోవచ్చు. చిగుళ్ళ జబ్బుతో పళ్ళని పట్టుకున్న ఎముక తగ్గిపోతే పళ్ళు ఇలాగే విచ్చుకుంటాయి. బ్రష్ చేస్తే రక్తం, నోటి వాసన, పళ్ళు పొడుగైనట్టు కనిపించడం దాని గుర్తులు. షుగర్ అదుపులో లేనివాళ్ళకి, పొగాకు అలవాటు ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. మన తీరప్రాంత పల్లెల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళని చూపించడానికి తీసుకెళ్తే చిగుళ్ళతో పాటు అంగిలి కూడా పరీక్షించమని అడగండి. బీపీకి అమ్లోడిపిన్ వాడే కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళని జరుపుతాయి. అలా అనిపిస్తే మందు మార్చొచ్చేమో బీపీ డాక్టర్ని అడగండి, మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. వీళ్ళెవరికైనా ముందు చిగుళ్ళ వైద్యం జరగాలి, గార తీయాలి, ఎక్స్‌రేలో ఎముక ఎంత మిగిలిందో చూడాలి. చిగుళ్ళు కుదుటపడ్డాకే క్లిప్పుల మాటయినా రిటైనర్ మాటయినా.